పసుపు పెట్టిన శాలువా

ఒరేయ్ చిన్నోడా, ఆగు! ఆ సంచి కింద పెట్టు. భోగిమంటలో పాత సామాను వెయ్యమన్నారు గాని బట్టల సంచి మొత్తం గుమ్మరించమన్నారా? పిడకల దండ వెయ్యి, తాటిమట్టలు వెయ్యి, ఆ విరిగిన కుర్చీ కాలు కూడా వెయ్యి. బట్టలు మాత్రం ఇటు పట్రా.

ఏదీ, ఆ నీలం చొక్కా. అంచులోంచి ఒక్క పోగు లాగుతున్నా, చూడు. అగ్గిపుల్ల గియ్యి. చూశావా, ముడుచుకుపోయి నల్లపూసలా గట్టిపడింది. ఇది కాలదురా, కరుగుతుంది. ఆ పొగంతా మనమే పీల్చాలి. ఇప్పుడు నా పంచె పోగు ఒకటి. కాగితం కాలిన వాసన లేదూ? వేళ్ళ మధ్య నలిపితే మెత్తటి బూడిద. అదీ నూలంటే. ఇక ఈ శాలువా పోగు. జుట్టు కాలిన కంపు వస్తోందా? ఉన్ని. అసలు పట్టుకీ అదే కంపు.

నలభై ఏళ్ళు మిషను తొక్కాను కాబట్టి ఇవన్నీ నాకు తెలుసనుకుంటున్నారేమో. ఈ విద్య నేర్పింది టైలరు కాదు. హైదరాబాదులో నేల మీద దుప్పటి పరిచి పాత బట్టలమ్మిన ఒక సాహెబు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఉప్పెన సంగతి చెప్పాలి. ఉప్పెన కంటే ముందు మా నిక్కర్ల సంగతి చెప్పాలి. దగ్గరకి జరగండి. అమ్మడూ, నువ్వు కూడా. ఏంటా జాకెట్టు అలా దాచుకుంటావు? నేను చూశాన్లే. దాని సంగతి తర్వాత.

మా చిన్నప్పుడు కొత్త బట్టంటే ఏడాదికొక జత, అదీ సంక్రాంతికే. కోతలయ్యి ఇంట్లోకి నాలుగు డబ్బులొచ్చే వేళకి, పెడన నుంచి ఒకాయన సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని వచ్చేవాడు. అరుగు మీద మూట విప్పితే గంజి వాసన వీధంతా కొట్టేది. మా అమ్మ బట్ట రంగు చూసేది కాదు, రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసేది. ముగ్గురు మగపిల్లలకీ ఒకే తానులోంచి కోయించేది. పండగనాడు ముగ్గురం కలిసి బయల్దేరితే బ్యాండుమేళం వాళ్ళు వస్తున్నారనేవారు.

మిగతా రోజుల్లో నాకు అన్నల నిక్కర్లే. అవి కూడా ఊరికే వచ్చేవి కావు. కుట్టించేటప్పుడే టైలరుకి చెప్పేది, "పిల్లాడు ఎదుగుతాడు, లోపల గుడ్డ వదులు" అని. ఏటా కాస్త మడత విప్పేవాళ్ళు. విప్పిన చోట వెలవని రంగు ఒక గీతలా బయటపడేది. చెట్టు వయసు వలయాలు లెక్కపెట్టి చెబుతారే, అలా ఆ గీతలు లెక్కపెడితే నిక్కరు వయసు తెలిసిపోయేది. నా దాకా వచ్చేసరికి నాలుగు గీతలుండేవి.

కొత్త బట్ట ఎంత చవకదైనా సరే, కొసన పసుపు పెట్టకుండా మా అమ్మ తొడగనిచ్చేది కాదు. పసుపు పడితేనే అది ఇంటిదైనట్టు. అన్నల పాతవాటికి పసుపుండదు కదా. అందుకని నాకు పండగ మీద ఉన్న ఆశంతా ఆ పసుపు చుక్క మీదే ఉండేది.

పద్నాలుగో ఏట చల్లపల్లిలో ఒక టైలరు దగ్గర చేరాను. రెండేళ్ళు కాజాలు, బొత్తాలు, హెమ్మింగు. తర్వాత కత్తెర ఇచ్చారు. పంతొమ్మిదో ఏట సొంత మిషను కొన్నా. అది కూడా ఒకరు వాడిందే. నాగాయలంక దగ్గర మా ఊళ్ళో, ఇంటి వసారాలో పెట్టుకుని కుట్టేవాణ్ణి.

ఏడాది తిరక్కుండానే ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. పొద్దుటి నుంచీ గాలి, సాయంత్రానికి సముద్రమే లేచి వచ్చింది. తాటిచెట్టంత నీళ్ళు అంటారు మావాళ్ళు, నేను కొలవలేదు. దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఏడవడానికి కూడా మనిషి మిగల్లేదు. మేం స్కూలు డాబా ఎక్కి బతికాం. మా నాన్న గేదెల పలుపులు విప్పొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. అంతే, దాని గురించి ఇంక చెప్పను.

తెల్లారి మా అందరి ఒంటి మీదా ఉన్నవి గుడ్డ పీలికలే. ఉప్పునీళ్ళకి నానీ, తుమ్మకంపకి చీరుకుపోయీ, ఆడామగా ఒకరి ముందుకి ఒకరు రాలేని పరిస్థితి. ఆకలి రెండో రోజుకి మొద్దుబారింది గాని సిగ్గు మాత్రం మొద్దుబారలేదు.

తర్వాత లారీలొచ్చాయి. రాష్ట్రమంతా కదిలింది. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి, బట్టలైతే కొండల్లా వచ్చాయి. ఇచ్చిన చేతుల్ని తప్పుపట్టను. వాళ్ళే లేకపోతే మేం లేం. కానీ ఆ లారీల్లో ఏమొచ్చాయో తెలుసా? ఊలు కోట్లు, టైలు, పెళ్ళికి కట్టే జరీ చీరలు. పొలం పని చేసుకునే మనిషికి బెల్‌బాటం ప్యాంట్లు! తాటిచెట్టు ఎక్కి బతికిన ఒక మావయ్య పంచె మీద సూటు కోటేసుకుని నెల్లాళ్ళు తిరిగాడు. కలెక్టరుగారొచ్చారని పిల్లలు నవ్వేవాళ్ళు. అన్ని చావుల మధ్య మేం మొదటిసారి నవ్వింది ఆ కోటు చూసే.

ఆడవాళ్ళకి మాత్రం నవ్వు రాలేదు. చీరొస్తే రవికె లేదు, రవికె వస్తే ఒంటికి పట్టదు. ఒక లారీ మీద నుంచి విసిరేస్తుంటే, కింద చేతులు చాచి ఎగబడి పట్టుకున్నాం. మా అమ్మ చేతిలో పడింది నారింజరంగు నైలాన్ చీర, దాని నిండా పెద్ద పెద్ద పూలు. పట్టుమని పది రోజులు కాలేదు ఆవిడ బొట్టు చెరిగి. వేరేది అడుగుదామని నేను లేచాను. "కూర్చోరా, ఇచ్చేవాళ్ళని ఏరుకోనివ్వమని అడుగుతామా" అంది. ఆ చీరే తిరగేసి కట్టుకుంది, పూలు లోపలి వైపుకి పోయేలా. నెల్లాళ్ళు వాకిట్లోకి రాలేదు.

నా మిషను బురదలో దొరికింది. మూడు రోజులు కిరసనాయిల్లో కడిగి, నూనె పోసి, చక్రం తిప్పితే కదిలింది. సాయానికొచ్చిన కుర్రాళ్ళు అది చూసి బట్టల కుప్ప ఒకటి తెచ్చి నా ముందు పోశారు. చింతచెట్టు కింద కూర్చుని రోజంతా విప్పడం, కొయ్యడం, కుట్టడం. బెల్‌బాటం ఎందుకూ పనికిరాదనుకున్నామా! దాని కింది భాగం ఎంత వెడల్పంటే ఒక్కో కాలికి ఒక పిల్లాడి నిక్కరు వచ్చేది. ఒక్క ప్యాంటుకి ఇద్దరు పిల్లలు. ఊలు కోట్లు పసిపిల్లల పక్కలకి, పెద్ద చొక్కాలు రవికెలకి.

అలా విప్పుతూ విప్పుతూ బట్టని చదవడం వచ్చింది నాకు. కాలరు లోపల చాకలి పెట్టిన జీడిగుర్తు ఉండేది. నల్లజీడి రసంతో పెడితే బట్ట చిరిగినా ఆ గుర్తు పోదు. కుట్టిన టైలరు చీటీ ఉండేది, ఒకటి మద్రాసుదైతే ఇంకోటి సికింద్రాబాదుది. ఎడం మోచెయ్యి అరిగితే బల్ల మీద రాసుకునే గుమాస్తా, కుడి భుజం వెలిస్తే సంచి మోసే మనిషి. ఎవరెవరివో ఒళ్ళు నా ఒళ్ళో వచ్చి కూర్చున్నట్టుండేది.

అందరికీ కొలత పెట్టి కుట్టి ఇచ్చాను గాని మా అమ్మకి మాత్రం ఏం ఇచ్చినా ముట్టలేదు. "వద్దురా, చాలు" అనేది. ఆ 'చాలు' నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నాలుగేళ్ళ తర్వాత హైదరాబాదు వెళ్ళాను, సుల్తాన్‌బజార్‌లో ఒక టైలరు షాపులో పనికి. అక్కడివాళ్ళు చెప్పారు, పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్ అని ఒకటుందని. జుమేరాత్ అంటే గురువారం. తెల్లవారుజామునే మొదలయ్యేది. తాళాలు, గడియారాలు, మంచపు కోళ్ళు, ఏది కావాలన్నా పాతది దొరికేది. ఒక పక్కంతా బట్టలు.

ఆ బట్టలు ఎక్కడి నుంచి వచ్చేవనుకున్నారు? స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగే ఆడవాళ్ళని మీరు చూసుండరు. "పాత బట్టలకి గిన్నెలిస్తాం" అని కేకేసేవాళ్ళు. ఇంటావిడ రెండు ప్యాంట్లు, ఒక చీర ఇచ్చి డబరా అడిగితే, ఆవిడ గ్లాసు తీసేది. గంట బేరమాడి మధ్యన గిన్నె దగ్గర ఆగేవాళ్ళు. సాయంత్రానికి గంపలో స్టీలు తగ్గి బట్ట పెరిగేది. రాత్రి కూర్చుని ఏరేవాళ్ళు. గట్టిగా ఉన్నవి ఉతికి ఇస్త్రీ చేసి బజారుకి. కాస్త చిరిగినవి రఫ్ఫు చేసేవాళ్ళకి. పూర్తిగా పోయిన నూలు బట్టలు మెకానిక్కు షెడ్లకి, చేతులు తుడుచుకోవడానికి. పాత జరీ చీరైతే దాని దారి వేరు. అసలు జరీ అంటే వెండి తీగకి బంగారు పూత. ఆ అంచుని కాల్చి వెండి తీసేవాళ్ళు. ఒక్క పోగు వృథా పోయేది కాదు. మీరిప్పుడు పెద్ద పేర్లు పెట్టి చెప్పుకునే పనంతా ఆ గంప ఆడవాళ్ళు ఏ పేరూ లేకుండా చేసేశారు.

ఆ బజార్లోనే సాహెబు. తెల్లగడ్డం, కళ్ళజోడుకి ఒక కాడ దారంతో కట్టుకున్నాడు. ఆయన కుప్పలో ఈ శాలువా కనిపించింది. ముదురు గోధుమ రంగు, సన్నటి అంచు. చలికాలం మా అమ్మ భుజాల మీద ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళ ముందు కదిలింది. ధర అడిగితే నలభై అన్నాడు. నా దగ్గరున్నవి పాతిక. సగం తెలుగు సగం ఉర్దూలో ఉప్పెన కథంతా చెప్పాను, మా నాన్నతో సహా. ఆయన ఓపిగ్గా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు కూడా. ఇంక ఇచ్చేస్తాడనుకున్నా.

"బేటా, ఉప్పెన చూసి తగ్గించను. శాలువాలో తప్పు చూపించు, తగ్గిస్తా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం శాలువా నా చేతిలో పెట్టి పాఠం మొదలుపెట్టాడు. "వెలుతురుకి ఎత్తి పట్టు, పలచబడిన చోట సూర్యుడు కనిపిస్తాడు. రెండు చేతులతో లాగు, చర్రుమంటే వదిలెయ్. చొక్కా కొంటే కాలరు చూసి మోసపోకు, చంకలు చూడు. ప్యాంటయితే రెండు కాళ్ళ మధ్య చూడు. బొత్తాం పోతే బొత్తాం దొరుకుతుంది, బట్ట పోతే దొరకదు. ముక్కు దగ్గర పెట్టుకో, నా మాట నమ్మకు." అంచులోంచి పోగు లాగి కాల్చి చూపించింది అప్పుడే. ఆ జుట్టు కాలిన కంపు నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

నేను చూశాను. ఒక మూల చిమ్మట కొట్టిన రెండు చిల్లులు. ఒక అంచు పోగులూడింది. మధ్యలో టీ మరక. ఒక్కో తప్పూ చూపిస్తుంటే ఒక్కో మెట్టు దిగాడు. ఇరవై రెండు దగ్గర ఆగాం. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే నాకు అర్థమైంది, ఆయన నాకు ఏం మిగిల్చాడో. ఆ కథకి ఆ శాలువా ఊరికే ఇచ్చేసి ఉంటే, అది కూడా లారీ మీద నుంచి పడ్డ చీరే అయ్యేది.

పండక్కి ఇంటికొచ్చాను. అప్పటికి మీ నాయనమ్మ కాపురానికొచ్చి ఏడాది. చిల్లులు రెండూ కనపడకుండా రఫ్ఫు చేసి, కుంకుడురసంలో ఉతికి, మడతపెట్టి తెచ్చా. మా అమ్మ ముట్టుకోలేదు. "ఎవరిచ్చార్రా" అంది. ఎవరూ ఇవ్వలేదు, పాత బట్టల బజార్లో కొన్నానన్నా. "పోయినోళ్ళదేమో" అంది. కావచ్చు, నాకు తెలీదన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంతకి?" అంది.

"నలభై చెప్పాడు. ఇరవై రెండుకి తెగ్గొట్టా."

ఆ మాటకి శాలువా దగ్గరకి లాక్కుంది. రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది, పెడన ఆయన మూట దగ్గర నలిపినట్టే. రఫ్ఫు చేసిన చోటు ఎక్కడో కనిపెట్టడానికి చూసింది, దొరకలేదు. "పద్దెనిమిదికి రావాల్సింది" అంది! ఆ తర్వాత లోపలికి కేకేసింది: "కోడలా, పసుపు పట్రామ్మా." మీ నాయనమ్మ వచ్చి కొసన పసుపు పెట్టింది. ఆవిడ పోయేదాకా చలికాలం ఇదే కప్పుకుంది. పోయినప్పుడు ఆవిడ బట్టలన్నీ చాకలికి ఇచ్చేశాం, ఆనవాయితీ ప్రకారం. ఇదొక్కటీ నేను ఇవ్వలేదు. పెద్దలు గొణిగారు. గొణగనీ అనుకున్నా.

తర్వాత అవనిగడ్డలో చిన్న బట్టల కొట్టు అరుగు మీద మిషను పెట్టుకున్నా. కొట్టాయన బట్ట చింపి ఇచ్చేవాడు, నేను కొలత తీసుకునేవాణ్ణి. చిన్న కొట్టు గొప్పేంటంటే, వచ్చిన మనిషికి ఏం కావాలో ఆ మనిషికంటే ముందే తెలుసు. ఎవరింట్లో పిల్ల పెద్దమనిషైందో, ఎవరికి ఈసారి పంట పోయిందో తెలుసు. పంట పోయినవాడికి పైనున్న ఖరీదు తానులు కిందికి దించేవాడు కాదు ఆయన. వాడి ముందు పరిస్తే వాడు కాదనలేడు, అప్పవుతాడు. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక జనతా చీరలు, పంచెలు సగం ధరకి ఇచ్చింది. ముతక బట్టే. అయినా జనం అందులో కూడా అంచు ఏ రంగో అడిగి మరీ తీసుకున్నారు. ఆ సగమైనా తాము పెట్టుకున్నారు కదా, అందుకని నోరు లేచింది.

రెడీమేడ్లు ముంచెత్తాక నా దగ్గరకి కొత్త బట్ట రావడం తగ్గి, పాతది బాగుచేయించుకునేవాళ్ళు మిగిలారు. టైటు చెయ్యి, లూజు చెయ్యి, జిప్పు మార్చు, కాలరు తిప్పు. అరిగిన కాలరు విప్పి లోపలి వైపు పైకి తిప్పి కుడితే చొక్కాకి ఇంకో రెండేళ్ళు ఆయుష్షు. ఎంతమంది బడిపంతుళ్ళ కాలర్లు తిప్పానో!

మొన్న పేపర్లో చదివాను. అన్షు గుప్తా అని ఒకాయన, 1999లో గూంజ్ అనే సంస్థ పెట్టాడట. పట్నాల్లో పాత బట్టలు పోగుచేసి, ఏరి, బాగుచేసి పల్లెలకి పంపుతాడు. ఊరికే పంచిపెట్టడు. ఊరివాళ్ళు కలిసి బావి తవ్వుకుంటేనో, రోడ్డు బాగుచేసుకుంటేనో, ఆ పనికి ప్రతిఫలంగా బట్టలిస్తాడు. 2015లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2004లో సునామీ వచ్చినప్పుడు తమిళనాడులో జనం వద్దన్న పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉంటే, వాటిని కూడా ఏరి పనికి తెచ్చింది ఆ సంస్థే. చదువుతుంటే మా అమ్మ పూలు లోపలికి తిప్పి కట్టుకున్న చీరే కనిపించింది నాకు.

ఇంక నీ సంగతి, అమ్మడూ. ఆ జాకెట్టు ఇటివ్వు. ఏం భయం లేదు, మీ నాన్నకి నేను చెప్తాలే. జీన్సు గుడ్డ, మందంగానే ఉంది. ఎక్కడ కొన్నావు, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనా? అదింకా నడుస్తోందన్నమాట! ఉండు, వెలుతురుకి పట్టనీ. మోచేతులు గట్టిగా ఉన్నాయి. చంకలు బాగున్నాయి. కుడి జేబు కింద ఎవరో ఒకసారి విప్పి కుట్టారు, చేతికుట్టు. తొందరలో కుట్టింది గాని తెలిసిన చెయ్యే. ఎంతన్నాడు? ఐదొందలా. ఎంతకి తెచ్చావు? మూడొందలు. ఊఁ... రెండొందల యాభైకి రావాల్సింది.

నువ్వేంట్రా చిన్నోడా, నవ్వుతావు? సంచి ఇటు తిరగెయ్యి. ఆ నీలం చొక్కా బాగానే ఉంది, రెండు బొత్తాలేగా పోయినవి. మధ్యాహ్నం మిషను ముందు కూర్చో, కుట్టడం నేర్పిస్తా. ఈ నూలువన్నీ బొంతకి. మీ నాయనమ్మ పాత చీరల్లో కలిపి కుడితే చలికాలానికి పనికొస్తుంది. ఈ రెండు బనీన్లు సైకిలు తుడవడానికి. ఇంక మంటలో వెయ్యడానికి ఏం మిగిలాయి? ఈ సంచి ఒక్కటే. అదీ ప్లాస్టిక్కు, పక్కన పెట్టు.

నీళ్ళు కాగినట్టున్నాయి. లేవండి, తలంట్లు పోసుకోవాలి. అమ్మడూ, ఆ జాకెట్టు అప్పుడే తొడుక్కోకు. లోపలికెళ్ళి, పసుపు డబ్బా ఎక్కడుందో మీ నాయనమ్మనడుగు.